రిమ్మా అడిగిన మాట

సునాబెడలో మంచు తొమ్మిదింటికి గాని లేవదు.
సిల్వర్ ఓక్ చెట్ల వెనక
ఇంజన్లు పరీక్షించే షెడ్డు ఒక్కసారి గర్జించి
ఊరుకుంటుంది.
గుమ్మంలో కూర్చుని ఫోను చూసుకుంటాను.
పెత్రొజవోద్‌స్క్ నించి రిమ్మా రాసింది:
అప్పల్సూరీ, నాకొక మాట కావాలి.

వాళ్ల ఇంటిపేరు మా అమ్మకి నోరు తిరగలేదు.
రిమ్మా అంటే మాత్రం పకపకా నవ్వింది:
"ఓలమ్మా, పిల్లకి తెగులు పేరెట్టుకున్నారేటి!"
మా నాన్న ఫిట్టరు, సాలూరు ఘాటీ ఎక్కి వచ్చినవాడు.
వాళ్ల నాన్న ఇంజనీరు, ఇంకా దూరం నించి.
వెనక వరస క్వార్టర్లో మూడేళ్లు.
ఆ పిల్ల నేర్చుకున్న తెలుగు మూడు మాటలు:
రా, చాలు,
మూడోది గుర్తు రావట్లేదట.
గ్లాసు గుర్తుంది, అడుగున చెంచాడు తెలుపు గుర్తుంది,
మీ అమ్మ గాజు గ్లాసుకి తగిలిన చప్పుడు గుర్తుంది,
మాట పోయింది.

రిమ్మా ఇప్పుడు కవి.
తన పుస్తకం ఒకటి నాలుగు నెలలు తిరిగి నన్ను చేరింది.
అందులో ఒక పద్యమంతా తలుపు గొళ్లెం.
ఇంకోటి, తల్లి పోయాక
బీరువాలో దొరికిన బొత్తాలు.
ఎక్కడా గొంతు పెంచదు.
పొట్టకూటికి అనువాదం.
కరేలియా ముసలమ్మల పాటలు రష్యన్‌లోకి తెస్తుంది.
ఏడాదికో ముసలమ్మ తగ్గిపోతుంది.
ఒకసారి ఒక్క మాట దగ్గర ఆగిపోయిందట.
అర్థం తెలిసినావిడ సరస్సు అవతల.
మంచు కరిగే రోజులు,
నడవటానికీ వీల్లేదు, పడవకీ వీల్లేదు.
దాటేసరికి ఆవిడ లేదు.

మూడేళ్లుగా సొంత పద్యం అచ్చుకివ్వలేదు.
ఎందుకని నేనడగలేదు.
తనే రాసింది: ఇప్పుడు ఇంకొకరి నోటితో మాట్లాడటమే
నాకు శుభ్రంగా ఉంది.
ఆ పైన బంగాళాదుంపల గురించి రాసింది.

నేనూ అనువాదకుణ్ణే లెండి.
సంతలో దేశియా, ఇంట్లో తెలుగు,
డాక్యుమెంట్ల సెక్షన్లో ముప్పయ్యొక్క ఏళ్లు రష్యన్.
టర్బైను రెక్కలు, చమురు పంపులు,
ఈ మర ఇంతే బిగించు, అంతకు మించొద్దు.
నా పనిలో మాటకి ఒకటే అర్థం.
రెండోది వచ్చిందా, విమానం కింద పడుతుంది.

తోడు, అన్నాను. అదే నీ మాట.
మరి మీ భాషలో దానికేం పెట్టను?
జక్వాస్కా అని రాశాను. కొట్టేశాను.
అందులో పులుపుంది, మనిషి లేడు.
స్పుత్నిక్ అని రాశాను.
మనకది ఆకాశంలో తిరిగిన గోళం,
వాళ్లకి దారిలో పక్కన నడిచేవాడు.
మనిషున్నాడు, పాలు లేవు.

చివరికి జరిగింది జరిగినట్టు రాశాను:
దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదని మావైపు పట్టింపు.
ఆవేళ మీ అమ్మ తైసియాకి జ్వరం.
చీకటి పడ్డాక గ్లాసు పట్టుకుని నువ్వొచ్చావు.
మా అమ్మ దీపాన్ని చూసింది, నిన్ను చూసింది,
దీపం కొండెక్కించింది.
"ఏదీ, ఇంకా దీపాలెట్టనేదు కదా!" అని
చీకట్లోనే తడుముకుంటూ చెంచాడు వేసింది.
నువ్వు మెట్లు దిగాక మళ్లీ వెలిగించింది.

నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు.
అయిదో రోజు పద్యం వచ్చింది, పదకొండు పాదాలు, తన సొంతం.
ఏడో పాదంలో రష్యన్ లిపిలో ఆ మాట
అలాగే కూర్చుని ఉంది.
మన డు వాళ్లకి లేదు. తోదు అయింది,
ముందు పళ్లూడిన పిల్ల పలికినట్టు.
కింద వివరణ పెట్టలేదు.
అచ్చుకివ్వనులే, నీకే, అంది.

ఈ రాత్రి ఇక్కడ నాలుగు డిగ్రీలు.
ఈ చలికి పాలు తోడుకోవు.
తైసియా వదిలి వెళ్లిన ఉన్ని శాలువా,
పురుగు కొట్టింది మూలల్లో,
గిన్నెకి చుట్టి బియ్యం డబ్బాలో దించాను, అమ్మలాగే.
ఫొటో తీసి పంపాను.
మూత తీసి చూపించు, అంది.

రాశాను:
పొద్దున్న దాకా కదపకూడదు.